ఎంగిలి గిన్నె

బోర్డు మీద ఒక్క మాటకి చోటు వదిలాడు పెయింటరు ఊష్టెన్.
"సెయింట్ కోర్వాన్ గుడి. ఈయన ఆరో శతాబ్దపు ........ మిషనరీ."
ఆ చుక్కలు నింపడానికే
ఈ పొద్దున ముగ్గురు నా పడవెక్కారు.

ఫాదర్ లాక్లన్ ఆయన్ని పునీతుడంటాడు.
పూజ చేసిన చెయ్యి, మావాడే, అంటాడు.
టోర్క్విల్ పాస్టరు భక్తుడంటాడు.
పోపు మొహం చూడనివాడు, కీర్తనలన్నీ కంఠతా వచ్చినవాడు,
మావాడు కాకపోతే ఎవరివాడు, అంటాడు.
గ్లాస్గో నుంచి వచ్చిన పహోమీ సన్యాసి
గడ్డంలోంచి నెమ్మదిగా,
తూర్పూ పడమరా విడిపోకముందు పోయినవాడు కదా,
ఆ విడిపోనివాళ్ళం మేమే కదా, అంటాడు.

చుక్కాని పట్టుకుని నేను
గాలికి ఏ శాఖా లేదు, అనబోయాను.
ఊరుకున్నాను.
హెబ్రిడీస్‌లో పుట్టినవాళ్ళు ఆ మాట అనకూడదు.
ఉత్తరపు గాలి ఉత్తరపు గాలే,
ఎవరి పడవ ముంచాలో దానికి తెలుసు.

మా అమ్మ కాథలిక్కు. నాన్న ఫ్రీ చర్చి.
వాళ్ళ పెళ్ళికి రెండు వైపుల నుంచీ
ఒక కుక్క వచ్చిందట.
శుక్రవారం అమ్మ మాంసం ముట్టదు,
ఆదివారం నాన్న వల ముట్టడు,
నాకు మాత్రం వారం పొడుగునా ఆకలి.
ఇప్పుడు గోడకి ఇటు ఆమె, అటు ఆయన.
గోడ నడుమెత్తు.

కోర్వాన్ కథ నాకు మేనత్త ఎఫ్రిక్ చెప్పింది.
ఎద్దుతోలు పడవలో వచ్చాడట,
ఒక ఇనుప గంట, ఒక బార్లీ మూట,
ఈ చెవి నుంచి ఆ చెవి దాకా గొరిగిన ముందుతల.
ఒక చలికాలం దక్షిణాన్నించి ఇంకొకడొచ్చాడట,
నడినెత్తిన గుండ్రంగా గొరిగించుకున్నవాడు,
ఈస్టర్ ఇంకో ఆదివారం చేసుకునేవాడు.
కోర్వాన్ అతనికి గంజి పోశాడు.
తాగి వెళ్ళాక
ఆ గిన్నెని ఇసకతో మూడుసార్లు తోమాడు.
ఎంగిలని.
ఒకే క్రీస్తు, ఒకే సముద్రం,
చంద్రుణ్ణి లెక్కపెట్టడంలో ఒక వారం తేడా.

ఈ కథ ఫాదర్‌కీ తెలుసు, పాస్టరుకీ తెలుసు.
బోర్డు మీద రాయమని ఎవరూ అనరు.
ఆయన అందరివాడూ, అనడం సులువు.
నేనూ అన్నాను, ఎన్నో వేసవులు,
పర్యాటకుల చిల్లర లెక్కపెట్టుకుంటూ.
ఆయన ఆయన గుంపువాడే.
ఆ గుంపే ఇప్పుడు లేదు.
దాని చివరివాడు ఏ రాతి గుడిసెలోనో
తన ఈస్టర్ తానొక్కడే చేసుకుని
పడుకుని ఉంటాడు.

ఎఫ్రిక్ అత్త మాత్రం అక్కడితో ఆపేది కాదు.
తోమిన గిన్నె ఆ రాత్రంతా మెరుస్తూనే ఉందట.
నిద్ర పట్టక లేచి
మంచులో గంట మోగించుకుంటూ
అతన్ని వెతకడానికి వెళ్ళాడట.
దొరికాడా అత్తా, అంటే
పొయ్యిలో పీట్ గడ్డ కదిలించి
"గంటయితే దొరికింది, బురదలో" అనేది.

సగం దారిలో వాన.
నా ఫ్లాస్కుకి ఉన్నది ఒకటే మూత.
ఫాదర్ టీ తాగి అందించాడు.
పాస్టరు అంచుని స్వెట్టరు చేతితో ఒక్కసారి,
ఏమీ అనుకోనట్టే, తుడిచి తాగాడు.
పహోమీ తుడవలేదు, మూతని కాస్త తిప్పాడు,
ఎవరి పెదవీ తగలని వైపు చూసి తాగాడు.
నవ్వొచ్చింది నాకు.
తర్వాత మూత నా చేతికొచ్చింది.
ఎటు వైపా అని
నేనూ చూశాను.

ఒడ్డున టార్పాలిన్ కింద ఊష్టెన్
బ్రష్షు పట్టుకుని వణుకుతున్నాడు.
ఏదో ఒకటి చెప్పండి, పెయింటు గడ్డకడుతోంది, అన్నాడు.
ముగ్గురూ తలో మాట చెప్పారు, ఒకేసారి.
వినపడలేదో, వినలేదో,
అతను చుక్కల్ని నీలం రంగుతో పూడ్చేసి
కింద, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో,
తనకి కావలసింది తాను రాసుకున్నాడు:

"గేటు వేసి వెళ్ళండి. గొర్రెలు తప్పిపోతున్నాయి."